కంప్యూటర్ చదవని గళ్లు

చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద నడుస్తూ ఒక చోటుకి రాగానే నేను ఇప్పటికీ రోడ్డు దాటి అవతలికి వెళ్లిపోతాను. అవతల నాకేం పని లేదు. కూరలు ఇవతలే బాగుంటాయి, నీడ కూడా ఇవతలే ఉంటుంది. అయినా ఆ సందు మొదలు కంటబడేసరికి కాళ్లు నన్నడక్కుండానే దాటేస్తాయి. ఆ సందులో ఎడమవైపు మూడో ఇల్లు మా అక్కది. తోడబుట్టిన అక్క కాదు, ఆఫీసు అక్క. దెయ్యమై పట్టుకోవాలంటే ముందు చచ్చిపోవాలని ఎవరన్నారో తెలీదు గానీ, నన్ను పట్టుకున్న మనిషి నాకు కూతవేటు దూరంలో నిక్షేపంగా బతికే ఉండేది. నేను చేసిన పని అలాంటిది.

మేము అప్పట్లో అశోక్ నగర్‌లో ఒక వాటాలో అద్దెకుండేవాళ్లం. మాది అసలు కోస్తా. రాజధాని మారినప్పుడు మా నాన్న ఆఫీసు ఫైళ్లతో పాటు కర్నూలు నుంచి ఇక్కడికొచ్చి పడ్డారు. ఇప్పుడు అశోక్ నగర్ అంటే కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, టీ బండ్ల దగ్గర కరెంట్ అఫైర్స్ వల్లెవేసే పిల్లలు. అప్పుడు మా ఇంటి వెనక అన్నీ ఖాళీ స్థలాలే, వానొస్తే కప్పల గోల. నేను బి.ఎస్సీ. లెక్కలు చదివి, టైపు హయ్యర్ పాసై, నారాయణగూడలో ఒక ఆఫీసులో టెంపరరీగా చేరాను. ఆరు నెలలకోసారి ఆర్డరు పొడిగించాలి. పొడిగించకపోతే ఇంటికి పోవాలి.

పరీక్షల ఫలితాలు తయారుచేసే ఆఫీసు అది. రెండో అంతస్తులో పెద్ద హాలు. హాలులో మేం ఎనిమిది మంది ఆడవాళ్లం, ఎనిమిది యంత్రాలు. హాలు చివర అద్దాల గది. కొత్తగా వచ్చిన కంప్యూటర్ ఆ గదిలో ఉండేది, ఏసీ కూడా ఆ గదిలోనే. లోపలికి మగవాళ్లు మాత్రమే, అదీ చెప్పులు విప్పి వెళ్లేవాళ్లు. మేము బయట ఉక్కలో కూచుని దానికి తిండి తయారుచేసేవాళ్లం. కింద ఇరానీ హోటల్లో టీ మరిగే వాసన పైకొచ్చేది. ఎనిమిది మందిలో ఏ ఒక్కరం ఆ హోటల్లోకి వెళ్లి ఎరగం, ఈ గదిలోకీ వెళ్లి ఎరగం.

మా పని ఏమిటో చెప్పాలి, లేకపోతే నా తప్పు అర్థం కాదు. మార్కుల కాగితం చూస్తూ యంత్రం మీద మీటలు నొక్కితే దళసరి కార్డు మీద చిల్లులు పడతాయి. కార్డులో ఎనభై నిలువు గళ్లు. ఏ గడిలో ఏ వరసన చిల్లు పడిందో చూసి కంప్యూటర్ అది ఏ అంకో, ఏ అక్షరమో పోల్చుకుంటుంది. ఒకరు కొట్టిన కార్డుని ఇంకొకరు వెరిఫయర్ అనే మరో యంత్రంలో పెట్టి, అదే కాగితం చూస్తూ మళ్లీ అదంతా కొట్టాలి. రెండూ కలిస్తే కార్డు అంచున చిన్న గాటు పడుతుంది. కలవకపోతే యంత్రం బిగుసుకుపోయి ఎర్రదీపం వెలుగుతుంది. కార్డు చివరి గళ్లలో కొట్టినవాళ్ల పొడి అక్షరాలు మూడు కొట్టడం మా ఆఫీసు ఆనవాయితీ. తప్పు ఎవరిదో తెలియడానికన్నమాట. తెలిశాక తప్పుల రిజిస్టరు అని ఒక బౌండు పుస్తకం ఉండేది, దాంట్లో ఆ మనిషి పూర్తి పేరు ఎర్ర సిరాతో రాసేవారు. ఆ ఆఫీసులో ఆడవాళ్ల పేర్లు రాసిన పుస్తకాలు రెండే రెండు. ఒకటి హాజరు పట్టీ, రెండోది ఇది.

మా అక్క వెరిఫయర్ మీద కూచునేది. వయసు ముప్ఫై దాటింది. తరతరాలుగా చిక్కడపల్లి వాళ్లే. భర్త కాచిగూడ స్టేషన్లో గుమస్తా, ఒక కూతురు, ఇంట్లో అత్తగారు. నిజాం రోజుల్లో ఉర్దూ మీడియంలో చదువుకుంది కాబట్టి అంకెలు అప్పటికీ ఆమె నోట్లో ఉర్దూలోనే దొర్లేవి. సున్నాని "సిఫర్" అనేది, లెక్కల్ని "హిసాబ్" అనేది. వేళ్లు మీటల మీద పరుగులు పెడుతుంటే పెదాలు ఆ అంకెల్ని వెంట తరుముతున్నట్టుండేవి. నేను చేరిన మొదటిరోజే నన్ను "చెల్లె" అంది. నా కోస్తా యాస విని మిగతావాళ్లు ముసిముసిగా నవ్వుతుంటే, "నవ్వుకోనీ, నువ్వు పరేషాన్ గాకు. నెల రోజుల్ల నువ్వు గూడ మా లెక్కనే మాట్లాడ్తవ్" అంది. నేనెప్పటికీ అలా మాట్లాడలేదు, అది వేరే సంగతి.

అరవై ఎనిమిది వేసవిలో ఒక మధ్యాహ్నం అక్క వెరిఫయర్ ఆపేసింది. కొట్టడం ఆపితే హాలంతటికీ వినబడుతుంది, ఆ చప్పుడులో మేమంత మునిగి ఉండేవాళ్లం. ఆమె ముందు ఒక అమ్మాయి మార్కులు. డెబ్భై ఎనిమిది, ఎనభై ఒకటి, సున్నా, ఎనభై ఆరు. సున్నా లెక్కల్లో.

"గిదేంది? అన్నిట్ల గిన్ని మార్కులొచ్చి హిసాబ్ల సిఫరా?" అంది అక్క.

మా హాలులో నియమం ఒకటే, ఉన్నది ఉన్నట్టు కొట్టు. ఆలోచించడం మా ఉద్యోగంలో లేదు. కానీ అక్క లేచి, బీరువాలోంచి అసలు మార్కుల పట్టీ తీయించి చూసింది. ఆ పిల్లకి వచ్చింది నూటికి నూరు! కార్డు మీద మార్కులకి కేటాయించినవి రెండు గళ్లు. నూరు రెండు గళ్లలో పట్టదు. జిల్లాలో కాగితాలు నింపిన గుమస్తా, పట్టినంతవరకూ రాసి ఊరుకున్నాడు, రెండు సున్నాలు. ఇంకో జిల్లాలో ఇంకో గుమస్తా నూరు వచ్చిన చోటల్లా తొంభై తొమ్మిది వేశాడు. పిల్లవాడికి ఒక మార్కు పోతే పోయిందిలే అనుకున్నాడు కాబోలు. అంటే మా పద్ధతిలో అందరికంటే బాగా రాసినవాళ్లే ఫెయిలవుతారు. అక్క ఆ కాగితాలు పట్టుకుని ఆఫీసరు దగ్గరికి వెళ్లింది. ఆయన చూసి, "వేలల్లో ఒకటీ అరా. చేత్తో దిద్దేద్దాం, మీరు వెళ్లి పని చూసుకోండి" అన్నాడు.

ఆ ఆఫీసరు ఏ ప్రాంతంవాడో చెప్పను. చెబితే రెండు ప్రాంతాలవాళ్లూ మావాడు కాదంటారు. మంచి ఇస్త్రీ చొక్కాలు వేసేవాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడలేదు, ఎవరినీ తిట్టలేదు. అలాంటివాళ్లతోనే నాకిప్పటికీ భయం.

అక్క పని చూసుకోలేదు. అద్దాల గదిలోని కుర్రాళ్లు పారేసిన కంప్యూటర్ మాన్యువల్ ఒకటి సంపాదించింది. ఇంగ్లీషు పుస్తకం, అక్కకి ఇంగ్లీషు అంతంతమాత్రం. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి పెట్టుకుని, "జర గీ ముక్కకు అర్థం చెప్పు చెల్లె" అని నన్ను అడిగేది. నేను మాటకి అర్థం చెప్పేదాన్ని, ఆమె ఆ మాట వెనకున్న లెక్క పట్టుకునేది. నాలుగు నెలలయ్యేసరికి నేను చదివి చెప్పేది నాకే అర్థంకాని స్థితికి వచ్చింది, ఆమె మాత్రం తలూపుతూ రాసుకుపోతోంది. పుస్తకం అంచుల్లో ఉర్దూలో సన్నగా రాసేది. లెక్కలు బి.ఎస్సీ. చదివింది నేను. ఒళ్లు మండేది, నిజం చెప్పొద్దూ.

అరవై తొమ్మిది మొదట్లో తెలంగాణ ఉద్యమం రాజుకుంది. కాలేజీలు మూతపడ్డాయి, పరీక్షలు వాయిదా మీద వాయిదా. మా హాలులో పని లేదు. కొందరు ఊలు స్వెట్టర్లు అల్లుకున్నారు. అక్క ప్రోగ్రాము రాసింది. నూరు వస్తే పదుల స్థానం పైన అదనంగా ఒక చిల్లు కొట్టాలి, కంప్యూటర్ దాన్ని నూరుగా చదువుకోవాలి. అదొక్కటే అయితే ఆ కుర్రాళ్లు కూడా చేసేవారేమో. అక్క ఇంకొకటి చేసింది. ఎవరికైనా అన్నిట్లో మంచి మార్కులుండి ఒక్కదాంట్లో మరీ తక్కువ వస్తే, ఆ నంబరుని కంప్యూటర్ ఫెయిల్లో కలపకుండా పక్కన వేరే జాబితాలో అచ్చువేయాలి. ఆ జాబితాలో ఉన్న ప్రతి పిల్ల కాగితం ఒక మనిషి మళ్లీ చూడాలి. "మిషన్ గూడ ఆగి అడగాలె, గిదేంది అని" అనేది అక్క. 

ఇదంతా ఒట్టి సరదా కాదు. మా ఆఫీసులో ప్రోగ్రామర్ల పరీక్ష అని ఒకటి ఉండేది. పాసైతే అద్దాల గదిలోకి వెళ్లొచ్చు. ఆడ ఆపరేటర్లు ఆ పరీక్ష రాయడానికి వీల్లేదు. అక్క అర్జీ రాసింది, మాకూ అవకాశం ఇవ్వండి, మాకు చేతనవునని రుజువుగా ఈ ప్రోగ్రాము జతచేస్తున్నాం అని. ఏడుగురూ సంతకాలు పెట్టారు. నా దగ్గరికొచ్చేసరికి అక్క కాగితం వెనక్కి లాక్కుంది. "నువ్వొద్దు. టెంపరరీల ఉన్నవ్, నీ ఆర్డర్ ఆపుతరు. మాకొస్తే నీకు గూడ వస్తది" అంది. నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆ ఊపిరి ఎంత తేలిగ్గా వచ్చిందో నాకింకా గుర్తుంది.

ప్రోగ్రాము కార్డులు అక్కే కొట్టింది. నాలుగు వందల పైచిలుకు. ప్రతి కార్డు చివరి ఎనిమిది గళ్లలో తన మూడు పొడి అక్షరాలు, వరస నంబరు. ఆ ఎనిమిది గళ్లని ప్రోగ్రాము కార్డుల్లో కంప్యూటర్ చదవనే చదవదు. మనుషుల కోసం వదిలిన జాగా అది. ఆఫీసరు ఎందుకో కాదనకుండా కట్టని లోపలికి పంపాడు. అక్క అద్దానికి ఇవతల నిలబడింది. పాత మార్కులతో నడిపిస్తే ప్రింటరు నుంచి పొడుగ్గా కాగితం వచ్చింది. చివర్లో వేరే జాబితా, దాంట్లో మొదటి నంబరు ఆ నూరు మార్కుల పిల్లదే. అక్క అద్దం మీద రెండు చేతులూ ఆనించి ఆ నంబరుని అద్దంలోంచే చదివింది. చెమట చేతుల గుర్తులు అద్దం మీద పడితే అటెండరు వచ్చి తుడిచి, "గిట్ల ముట్టుకోవద్దమ్మా" అన్నాడు. అందరం నవ్వాం. అక్క నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

జూన్‌లో లోకల్ ఉద్యోగులందరూ సమ్మెలోకి దిగారు. మా హాలులో ఏడుగురూ సమ్మె. నేను దిగలేను, ఎలా దిగుతాను? రాకపోతే ఆర్డరు పోతుంది. వద్దామంటే రోడ్ల మీద రాళ్లు, బస్సులు లేవు, ఎక్కడ చూసినా గుంపులు. నేను నోరు తెరిస్తే ఏ ప్రాంతపుదాన్నో తెలిసిపోతుంది. మొదటిరోజు అశోక్ నగర్ నుంచి బయల్దేరి చిక్కడపల్లి దాకా వచ్చి, అక్కడ టైర్లు తగలబడుతుంటే చూసి, వణుక్కుంటూ అక్క ఇంటి తలుపు తట్టాను. వాళ్ల అత్తగారు నన్ను కూచోబెట్టి వేడన్నంలో పచ్చిపులుసు పోసి పెట్టింది. నేను ఏడుస్తూ తిన్నాను.

అక్క చెప్పులేసుకుని వచ్చింది. "నడువు, దించొస్త."

"మీరు సమ్మెలో ఉన్నారు కదక్కా!"

"నేను సమ్మెల ఉన్న. నువ్వు లేవు గదా. నీ నౌకరి ఎందుకు పోవాలె?"

ఆ వారమంతా రోజూ అలాగే నడిపించింది. నా చెయ్యి పట్టుకుని, నన్ను గోడవైపుంచి, తను రోడ్డువైపు. నారాయణగూడ చౌరస్తాలో కొందరు కుర్రాళ్లు అడ్డమొచ్చి "ఎవరీమె?" అన్నారు. "మా చెల్లె. ఏం, కనవడ్త లేదా? జరుగుండ్రి" అంది అక్క. వాళ్లు జరిగారు. నేను పెదవి విప్పలేదు. ఆఫీసు గేటు దగ్గర చెయ్యి వదిలి, సాయంత్రం మళ్లీ వస్తానని వెనక్కి వెళ్లిపోయేది. సమ్మెలో ఉన్న మనిషి గేటు దాటకూడదు కదా.

నాలుగో రోజు ఆఫీసరు నన్ను పిలిచాడు. హాలులో నేనొక్కదాన్నే, ఆయన గదిలో ఆయనొక్కడే. బల్ల మీద అక్క కార్డుల కట్ట, పక్కన ఒక చీటీ. చీటీ మీద మూడు అక్షరాలు. ఆయన పొడి అక్షరాలు.

"వచ్చే వారం ఢిల్లీ నుంచి పెద్దలు వస్తున్నారు. ఈ కట్ట చివరి గళ్లు మార్చాలి. మీరు బి.ఎస్సీ. కదా? మిమ్మల్ని పర్మనెంట్ చేయాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నాను. ట్రెయినింగుకి కూడా ఒక పేరు పంపమంటున్నారు" అన్నాడు.

ఒక్కో వాక్యం విడివిడిగా చూస్తే దేంట్లోనూ తప్పు లేదు. నేను "అలాగే సార్" అన్నాను. ఆలోచించడానికి టైము కావాలని కూడా అనలేదు. నన్ను ఎవరూ బెదిరించలేదు, తలుపు గడియ పెట్టలేదు. ఇది రాస్తూ ఏదన్నా భయం వెతుక్కుందామని చూస్తున్నాను, దొరకడం లేదు. నాకు ఆ అద్దాల గదిలోకి వెళ్లాలనుంది. అంతే.

మా యంత్రంలో ఒక మీట ఉంది. పాత కార్డు ఒక పక్క పెట్టి ఆ మీట నొక్కితే, దాని చిల్లులన్నీ కొత్త కార్డు మీదికి వాటంతటవే పడతాయి. డెబ్భై రెండు గళ్ల వరకూ అక్క ఆలోచన అలా దిగిపోయేది, నేను చెయ్యి పెట్టే పనే లేదు. అక్కడ ఆపి, ఆ మూడు అక్షరాలూ, వరస నంబరూ నేను కొట్టాలి. నాలుగు వందల పైచిలుకు సార్లు. మూడు అక్షరాల లయ వేళ్లకి పట్టేసింది. మొదటి ఇరవై ముప్ఫై కార్డులకి చీటీ వైపు చూస్తూ కొట్టాను. తర్వాత అలవాటైపోయింది. మధ్యాహ్నానికి ఎంత వేగంగా కొడుతున్నానా అని నా వేగం చూసి నేనే ముచ్చటపడ్డాను కూడా. వెరిఫై చేయడానికి ఎవరూ లేరు. పాత కట్టని వేస్టు గోనెసంచిలో వేసింది కూడా నేనే.

సాయంత్రం గేటు దగ్గర అక్క ఉంది. "ఏం జేసినవ్ గియ్యాల?" అంది మామూలుగా.

"ఏం లేదక్కా. ఖాళీగా కూచున్నాను."

నా చెయ్యి పట్టుకుంది. మీటలు కొట్టీ కొట్టీ వేళ్లు వేడిగా ఉన్నాయి. అశోక్ నగర్ మలుపు దాకా దించి వెళ్లిపోయింది.

సమ్మె ముగిసి అందరూ వచ్చేసరికి, ఆ ప్రోగ్రాము రాసినందుకు ఆఫీసరుకి ప్రశంసాపత్రం వచ్చి ఉంది. ఫ్రేము కట్టించి హాలులోనే తగిలించారు. పక్కనే నోటీసు బోర్డు మీద మా వాళ్ల అర్జీకి జవాబు. ఆడ ఆపరేటర్లు ప్రోగ్రాము రాయగలరనడానికి రుజువేమీ కనబడలేదు కనుక తిరస్కరించడమైనది. అక్క రెండూ చదివింది. అద్దాల గదిలోంచి తన కట్ట తెప్పించమని అడిగింది. కట్ట వచ్చింది. బొటనవేలితో కార్డుల చివర్లు పేకముక్కల్లా జారవిడుస్తూ చూసింది. ఒక కార్డు తీసి వెలుతురుకి పట్టింది, ఇంకోటి తీసింది. అవి చిల్లుల్ని అచ్చక్షరాల్లా చదవగలిగే కళ్లు. ఎవరి యంత్రమూ కదలడం లేదు.

అక్క నా దగ్గరికి వచ్చింది. నా ఎదురుగా నిలబడి, ఎవరికీ వినబడనంత నెమ్మదిగా అడిగింది.

"నువ్వు గొట్టలేదు గదా చెల్లె?"

"నేను కాదక్కా" అన్నాను.

ఎంత తెలివితక్కువ అబద్ధమో చూడండి. ఆ వారం హాజరు పట్టీలో ఆడవాళ్లలో సంతకం ఉన్నది నా ఒక్కదానిదే. నన్ను రోజూ గేటు దాకా దింపింది ఆవిడే. ఈ మాట నాకు ఆ రాత్రి పడుకున్నాక గాని తట్టలేదు. తట్టాక తల కొట్టేసినట్టయింది. అక్కకి ముందే తెలుసు. తెలిసే అడిగింది. ఎందుకు అడిగిందో మాత్రం అర్థం కాలేదు. అది అర్థం కావడానికి యాభై ఏళ్లు పట్టింది.

ఆమె అరవలేదు, ఎవరికీ చెప్పలేదు. తన యంత్రం దగ్గరికి వెళ్లి కొట్టడం మొదలుపెట్టింది. మర్నాటి నుంచి నన్ను పేరు పెట్టి, చివర గారు చేర్చి పిలిచింది. మాన్యువల్ మళ్లీ తెరవలేదు. ఎనిమిదేళ్ల తర్వాత వేరే ఊరు బదిలీ చేస్తే రాజీనామా ఇచ్చి ఇంట్లో కూచుంది. నేను పర్మనెంట్ అయ్యాను, ట్రెయినింగుకి వెళ్లాను. అద్దాల గదిలో అడుగుపెట్టిన మొదటి ఆడదాన్ని నేనే. చెప్పులు విప్పి లోపలికి వెళ్లిన రోజున చల్లగాలి ముఖానికి తగిలింది. ఏడుగురూ బయట ఉన్నారు. అక్క తప్ప అందరూ తలెత్తి చూశారు. తర్వాత చాలా ఏళ్ల దాకా ఆ గదిలోకి ఇంకో ఆడమనిషి రాలేదు, ఎవరన్నా అడిగితే "ఉన్నారుగా ఒకావిడ" అని నన్ను చూపించేవారు.

ఆ ప్రోగ్రాము ఎన్నో ఏళ్లు నడిచింది. ప్రతి వేసవిలో ఫలితాలకి ముందు ఆ వేరే జాబితా నా బల్ల మీదికే వచ్చేది. ఏ పిల్లదో లెక్కల కాగితం మళ్లీ తీయిస్తే నూరో, తొంభయ్యో బయటపడేది. ఆ పిల్ల ఎవరో, ఏ ఊళ్లో పేపరు చూసుకుని గంతులేసిందో నాకు తెలీదు. నాకు వీపు వెనక ఎవరో నిలబడి అంకెలు ఉర్దూలో చదువుతున్నట్టుండేది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. యంత్రాలు మారిపోయాయి, కార్డులు పోయాయి, రిటైరయ్యాను. ఇప్పుడు కూడా బ్యాంకులో ఎర్రదీపం వెలిగితే చాలు, గుండె గుభేలుమంటుంది. మా ఆయన బతికుండగా నిద్రలో నా వేళ్లు దుప్పటి మీద ఏదో కొడుతుంటాయని నవ్వేవారు. ఏం కొడుతున్నానో ఆయనకి చెప్పలేదు.

కొన్నేళ్ల కిందట ఒక ఉత్తరం వచ్చింది. కంప్యూటర్ రంగంలో తొలితరం ఆడవాళ్లని గుర్తించి సన్మానించే సంఘం అట. అందరూ చిన్నపిల్లలు, నా మనవరాలి వయసువాళ్లు. మంచి పనే, చెయ్యాల్సిన పనే. పాత ఆఫీసు కాగితాలు తవ్వి, మా ఆఫీసరు చేసిన పనిలో నాకు కూడా పాలుందని తేల్చారు. ఆడదాని ఘనత మగవాడు కొట్టేసి ఉంటాడని వాళ్ల అనుమానం. అనుమానం సరైనదే, మనిషే తప్పు. నూరు మార్కుల ప్రోగ్రాము, మళ్లీ చూడాల్సిన జాబితా, రెండూ నావేనని నమ్మి, నా గురించి నాలుగు మాటలు రాసి పంపమన్నారు.

ఆ ఉత్తరం పట్టుకుని ఆ సందులోకి వెళ్లాను. పాత ఇంటి చోట అపార్టుమెంటు లేచింది. రెండో అంతస్తులో తలుపు తీసింది కూతురు, ఆమెకీ జుట్టు నెరిసింది. నన్ను పోల్చుకోలేదు. అక్క కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. ఎనభై దాటిన మనిషి, చెక్కుచెదరని చూపు.

"నేనే కొట్టాను అక్కా" అన్నాను, నమస్కారం కూడా పెట్టకుండా.

"ఎరుకనే" అంది.

"మరి ఆ రోజు ఎందుకడిగారు?"

"చెప్తవేమో అని. నువ్వు అవునంటే, ఇద్దరం గలిసి పైకి పోయి చెప్పేటోళ్లం. కొట్టినదానివి నువ్వే సాక్ష్యం గదా. కాదంటివి."

ఉత్తరం ఆమె చేతికిచ్చి, స్టేజి మీద అందరి ముందూ నిజం చెబుతానని, ఆమె పేరు చెబుతానని, ఆ సన్మానం ఆమెకే జరిగేలా చూస్తానని అన్నాను. మాటలు గబగబా వచ్చేశాయి. చాలా ఏళ్లుగా లోపల తయారై ఉన్నాయి కదా. అక్క ఉత్తరం చదివి, మడిచి, నా ఒళ్లో పెట్టింది.

"అప్పుడు నా పేరు చెప్పి ఉంటే ఏడుగురం పరీక్ష రాసేటోళ్లం. అందుల నలుగురు పోయిన్రు. ఇయ్యాల చెప్తే ఎవరికి పనికొస్తది? నీకే. నీ పానం హాయిగ ఉండేటందుకు నా పేరు అడుగుతున్నవ్." గొంతులో కోపం లేదు. "అది నేనియ్య. నా పేరు నీ నోట్ల రావొద్దు. రాసేటివాటిల గూడ రావొద్దు."

కూతురు టీ తెచ్చింది. తాగాను. అక్క కిటికీలోంచి రోడ్డుకేసి చూస్తూ ఉండిపోయింది. ఆ మరుసటి ఏడాది ఆమె పోయిందని తెలిసింది. నేను వెళ్లలేదు.

సంఘం వాళ్లకి ఫోను చేసి, ఆ పని నాది కాదు, నేను రాను అని చెప్పాను. అవతలి అమ్మాయి ఆశ్చర్యపోయింది. "మరి ఎవరిది మేడం? పేరు చెప్పండి, మారుస్తాం" అంది. నేను చెప్పలేదు. చెప్పే హక్కు నాకు లేదన్నాను. ఆ అమ్మాయి నవ్వి, "మీ తరంవాళ్లంతా ఇంతే మేడం, మీ ఘనత మీరే ఒప్పుకోరు" అంది. నెల తిరక్కుండా కొరియర్‌లో ఒక పెట్టె వచ్చింది. లోపల ఇత్తడి జ్ఞాపిక. దాని మీద నా పేరు, నా పేరు కింద ఆమె చేసిన పని, చక్కటి అక్షరాల్లో చెక్కి ఉన్నాయి.